తీగ కింద ఒకటిన్నర కాగితం

గిటార్ మీద ఏదైనా ఒక ఫ్రెట్ దగ్గర తీగను నొక్కిపెట్టి, బ్రిడ్జ్ వైపున దాని పక్కనే ఉన్న ఫ్రెట్‌ను దగ్గరగా చూడండి. తీగ ఆ లోహపు పట్టీ మీద ఆనుతోందో తేలుతోందో చెప్పడం కష్టం. తేలుతూనే ఉంటుంది. బాగా సరిచేసిన ఎలక్ట్రిక్ గిటార్‌లో ఆ సందు సుమారు 0.15 మిల్లీమీటర్లు. మామూలు జెరాక్స్ కాగితం మందం 0.1 మిల్లీమీటరు ఉంటుంది కాబట్టి, ఒకటిన్నర కాగితం పట్టేంత చోటన్నమాట. ఆ చోటుంటే స్వరం శుభ్రంగా పలుకుతుంది. లేకపోతే కంపించే తీగ పక్క ఫ్రెట్‌ను తాకి జీరపోతుంది. గిటార్ వాయించేవాళ్ళు ‘బజ్’ అని విసుక్కునేది దీన్నే.

తీగలు మరీ ఎత్తుగా ఉన్నాయి, వేళ్ళు నొప్పెడుతున్నాయి, కిందికి దించండి అంటూ రిపేరు చేసేవారి దగ్గరికి వెళ్ళేవాళ్ళు చాలామంది. దించడం పెద్ద పని కాదు. దించాక జీర రాకుండా చూడటమే పని. ఆ ఒకటిన్నర కాగితం సందు మెడ పొడవునా నిలవాలంటే ఇరవై పైచిలుకు ఫ్రెట్ల తలలన్నీ ఒకే మట్టానికి రావాలి. ఫ్రెట్లు ఎంత సమంగా ఉంటే తీగలను అంత కిందికి దించుకోవచ్చు. ఫ్రెట్ల సంగతి చూడకుండా తీగను మాత్రమే దించితే వేళ్ళ నొప్పి పోయి చెవుల నొప్పి మొదలవుతుంది.

ఇంతకీ ఆ 0.15 ఎక్కడి నుంచి వచ్చింది? తీగ పొడవు సగమైతే స్వరం ఒక స్థాయి పైకి వెళ్తుంది. ఆ స్థాయిని పన్నెండు సమాన భాగాలు చెయ్యాలంటే ఫ్రెట్లను సమాన దూరాల్లో పెట్టకూడదు, పైకి వెళ్ళేకొద్దీ దగ్గర చెయ్యాలి. ఎంత దగ్గర అన్నదానికి ఐరోపాలో ఒక పాత సూత్రం ఉంది. ఖగోళ శాస్త్రవేత్త గెలీలియో తండ్రి విన్సెంజో గెలీలీ లూట్ వాద్యకారుడు, సంగీత సిద్ధాంతకర్త. 1581లో అచ్చయిన తన గ్రంథంలో ఆయన ప్రతి ఫ్రెట్‌నూ మిగిలిన తీగ పొడవులో 18వ వంతు దగ్గర పెట్టమన్నాడు. అలా పెడితే పన్నెండో ఫ్రెట్ సరిగ్గా నడిమికి రాదు, కొంచెం ముందే ఆగిపోతుంది. ఇప్పుడు తయారీదారులు వాడే అంకె 17.817. ఫెండర్ వారి స్ట్రాటోకాస్టర్‌లో నట్ (మెడ కొసన తీగలు ఆనే పట్టీ) నుంచి శాడిల్ (బ్రిడ్జ్ మీద తీగలు ఆనే చోటు) దాకా తీగ పొడవు 25.5 అంగుళాలు, అంటే 648 మిల్లీమీటర్లు. దాన్ని 17.817తో భాగిస్తే 36.4. మొదటి ఫ్రెట్ అక్కడ. మిగిలిన పొడవును మళ్ళీ 17.817తో భాగిస్తే రెండోది. ఇలా పన్నెండుసార్లు చేస్తే సరిగ్గా 324 దగ్గరికి, నట్టనడిమికి చేరతాం.

ఇప్పుడు తీగ ఎత్తు. దీన్ని ‘యాక్షన్’ అంటారు. పన్నెండో ఫ్రెట్ తల నుంచి తీగ అడుగు దాకా కొలుస్తారు. అది 1.6 మిల్లీమీటర్లనుకుందాం. నట్ దగ్గర తీగ ఫ్రెట్ల మట్టానికి అర మిల్లీమీటరు పైన ఉందనుకుంటే, శాడిల్ దగ్గర 2.7 మిల్లీమీటర్ల పైన ఉండాలి. రెండింటి సగటే నడిమి ఎత్తు కదా. ఒక ఫ్రెట్ దగ్గర వేలు పెట్టి నొక్కగానే తీగ ఆ ఫ్రెట్ తల మీద మొదలై శాడిల్ దాకా ఏటవాలుగా పైకెక్కుతుంది. మొత్తం ఎక్కేది 2.7. పక్క ఫ్రెట్ ఎప్పుడూ మిగిలిన పొడవులో 17.817వ వంతు దూరంలోనే ఉంటుంది కాబట్టి, అక్కడికి తీగ ఎక్కే ఎత్తు కూడా 2.7లో 17.817వ వంతే. అది 0.15. మొదటి ఫ్రెట్ నొక్కినా, పదోది నొక్కినా, ఇరవయ్యోది నొక్కినా, మెడ తిన్నగా ఉన్నంతవరకు జవాబు మారదు. స్వరాల్ని పేర్చిన నిష్పత్తే ఈ సందును కూడా పంచిపెడుతోంది. గిటార్ శాస్త్రంలో ఇంత అందమైన లెక్క నాకు మరొకటి కనిపించలేదు.

ఇందులోనే గిటార్ మరమ్మతు కష్టమంతా ఉంది. ఒక ఫ్రెట్ తక్కినవాటికన్నా 0.1 మిల్లీమీటరు పైకి లేచి ఉంటే కంటికి ఆనదు, వేలికి తగలదు. కానీ అది తన వెనక ఫ్రెట్ నుంచి మొదలయ్యే తీగ సందులో మూడింట రెండు వంతులు మింగేస్తుంది. అందుకే ఒకే ఒక్క స్వరం జీరపోయి, దాని ముందువీ వెనకవీ చక్కగా పలుకుతుంటాయి. జీరపోయే చోటున్న ఫ్రెట్‌లోనే లోపముందని అనుకుంటాం. చాలాసార్లు దోషి ఆ పక్కది.

ఫ్రెట్ల మట్టం చెడటానికి మొదటి కారణం వాయించడమే. ఫ్రెట్లను ఎక్కువగా మనం జర్మన్ సిల్వర్ అని పిలిచే లోహంతో చేస్తారు. పేరులో తప్ప అందులో వెండి లేదు. రాగి, నికెల్, జింకు కలిసిన మిశ్రమం అది. గిటార్ తీగల్లోని ఉక్కు దానికన్నా గట్టిది. రోజూ వాయించే గిటార్‌లో మొదటి మూడు నాలుగు ఫ్రెట్ల మీద, సన్నతీగల కింద ముందుగా గాళ్ళు పడతాయి. మనం నేర్చుకునే తొలి కార్డులన్నీ అక్కడే ఉంటాయి కాబట్టి అరుగుదల కూడా అక్కడే మొదలవుతుంది. గాడి పడ్డ ఫ్రెట్ పల్లమైతే దాని పక్కది దానికదే మెరక అవుతుంది. స్టెయిన్‌లెస్ స్టీల్ ఫ్రెట్లు వేయించుకుంటే చాలాకాలం అరగవు, కానీ వాటిని కొయ్యడానికీ సానపెట్టడానికీ పనిముట్లు త్వరగా మొద్దుబారతాయి.

రెండో కారణం కర్ర. గాలిలో తేమ మారితే కర్ర ఉబ్బుతుంది, కుంచించుకుపోతుంది. నారకు అడ్డంగా ఎక్కువ, నార పొడవునా చాలా తక్కువ. లోహం మాత్రం తేమకు చలించదు. విశాఖ సముద్రగాలిలో ఉన్న గిటార్ ఎండాకాలం హైదరాబాద్ వచ్చి ఏసీ గదిలో ఉంటే, ఫింగర్‌బోర్డ్ వెడల్పు తగ్గి ఫ్రెట్ల కొసలు అంచుల్లోంచి బయటికి పొడుచుకొస్తాయి, అరచెయ్యి గీసుకుంటుంది. తేమ హెచ్చుతగ్గులకు ఫ్రెట్ల కాళ్ళు గాళ్ళలో వదులై ఒకటి రెండు పైకి లేవచ్చు. మెడ ఒళ్ళుతో కలిసే చోట, పద్నాలుగో ఫ్రెట్ ప్రాంతంలో, చిన్న మూపురం రావడం అకూస్టిక్ గిటార్లలో మామూలే. గిటార్ ఉంచే గదిలో తేమ 45 నుంచి 50 శాతం ఉంటే మంచిదంటారు. తీరప్రాంతంలో అది కుదిరే పని కాదు. కనీసం పెట్టెలో పెట్టి మూత వేస్తే మార్పు మెల్లగా జరుగుతుంది, కర్ర తట్టుకుంటుంది.

మూడోది మెడ వంపు. అకూస్టిక్ గిటార్ మీద పల్చని తీగల సెట్ అయినా అన్నీ కలిసి 70 కిలోలకు పైగా బరువుతో లాగుతుంటాయి. ఎలక్ట్రిక్ గిటార్‌లో 45 కిలోల చుట్టుపక్కల. ఆ లాగుడికి మెడ విల్లులా ముందుకు వంగుతుంది. దాన్ని ఆపడానికి మెడ లోపల ఉక్కు ఊచ ఒకటి దాచారు. దానికి పేటెంట్ కోసం 1921లో గిబ్సన్ కంపెనీ ఉద్యోగి థాడియస్ మెక్‌హ్యూ దరఖాస్తు చేశాడు. ట్రస్ రాడ్ అంటే అదే. అయితే వంపు పూర్తిగా పోవాలనుకోకూడదు. కంపించే తీగ మధ్యలో ఎక్కువగా ఊగుతుంది, కొసల్లో తక్కువ. ఆ ఊపుకి చోటివ్వడానికి మెడను ఏడెనిమిది ఫ్రెట్ల దగ్గర పావు మిల్లీమీటరు లోతుగా ఉంచుతారు. దీన్ని ‘రిలీఫ్’ అంటారు. చూడటం తేలికే: మొదటి ఫ్రెట్ మీద కాపో (తీగలన్నిటినీ నొక్కిపట్టే బిగింపు) బిగించి, మెడ ఒళ్ళుతో కలిసే చోట తీగను నొక్కిపట్టాలి. అప్పుడు తీగే తిన్నని స్కేలవుతుంది. నడిమి ఫ్రెట్ మీద సందులోకి బైక్ మెకానిక్‌ల దగ్గరుండే ఫీలర్ గేజ్ రేకు దూర్చి కొలవచ్చు.

ఒక మాట గట్టిగా చెప్పాలి. ట్రస్ రాడ్ తీగలను దించే పనిముట్టు కాదు. అది మెడ వంపును సరిచేసేది. రాడ్ బిగిస్తే తీగ కొంత దిగుతుంది నిజమే, కానీ మెడ వెనక్కి వంగి మొదటి ఐదారు ఫ్రెట్లు జీరపోవడం మొదలవుతుంది. ఒకేసారి పావు చుట్టు మించి తిప్పకూడదు, తిప్పాక మెడ సర్దుకునేదాకా ఆగి మళ్ళీ కొలవాలి. బిగుసుకుపోయిన రాడ్‌ను బలవంతంగా తిప్పితే తెగుతుంది, ఆ మెడను బాగు చెయ్యడం చాలా ఖరీదు.

వంపు కుదిరాకే ఎత్తు సంగతి. గిబ్సన్ ఎలక్ట్రిక్ గిటార్లలో పన్నెండో ఫ్రెట్ దగ్గర లావుతీగకు 2 మిల్లీమీటర్లు, సన్నతీగకు 1.2 ఉండాలని తయారీ కొలత. ఉక్కుతీగల అకూస్టిక్‌కు 2.4, 1.8 ప్రాంతంలో ఉంటే బాగుంటుంది. నైలాన్ తీగల క్లాసికల్ గిటార్‌కు 4, 3 దాకా ఉన్నా తప్పులేదు. నైలాన్ తీగ ఊపు పెద్దది, లాగుడు తక్కువ. లావుతీగకు ఎక్కడైనా ఎక్కువ ఎత్తే కావాలి, అది విశాలంగా ఊగుతుంది. ఎలక్ట్రిక్ గిటార్‌లో శాడిల్ మీదున్న చిన్న స్క్రూలు తిప్పితే సరిపోతుంది. అకూస్టిక్‌లో శాడిల్ ఎముకతోనో ప్లాస్టిక్‌తోనో చేసిన పలక. దాని అడుగును గరుకుకాగితం మీద అరగదీయాలి. ఇక్కడ చాలామంది పొరబడేది ఒకటుంది: పన్నెండో ఫ్రెట్ తీగకు నడిమి కాబట్టి, అక్కడ అర మిల్లీమీటరు దించాలంటే శాడిల్‌ను ఒక మిల్లీమీటరు తగ్గించాలి. అలాగని ఒక్క దెబ్బలో అరగదీస్తే మళ్ళీ అతికించలేం. కొంచెం తీసి, తీగలు వేసి, శ్రుతి చేసి చూడాలి.

తీగ ఎత్తుతో బాధ వేళ్ళకే కాదు, శ్రుతికి కూడా. తీగను ఫ్రెట్ దాకా నొక్కితే అది కొద్దిగా సాగుతుంది, బిగువు పెరుగుతుంది, స్వరం పైకి పోతుంది. ఎత్తు రెట్టింపైతే ఆ సాగడం నాలుగింతలవుతుంది. సన్నని ఉక్కుతీగను పన్నెండో ఫ్రెట్ దగ్గర 1.6 మిల్లీమీటర్లు నొక్కితే స్వరం అర్ధస్వరంలో నూరింట ఒకటి రెండు వంతులు పెరుగుతుంది, వినబడదు. 3.2 నొక్కాల్సి వస్తే ఆరు వంతులు. రెండు గిటార్లు కలిసి వాయిస్తే చెవికి తెలిసిపోతుంది. కొత్తగా కొన్న చవక గిటార్లలో నట్ గాళ్ళు తగినంత లోతు ఉండవు. అందుకే ఎంత శ్రుతి చేసినా మొదటి ఫ్రెట్‌లో పట్టిన కార్డు అపశ్రుతిగా ఉంటుంది. నేర్చుకునే పిల్లలు తప్పు తమ వేళ్ళదనుకుంటారు. పాపం, తప్పు వాళ్ళది కాదు. మూడో ఫ్రెట్ దగ్గర తీగ నొక్కి మొదటి ఫ్రెట్ మీద సందు చూడండి. వెంట్రుకంత ఉంటే చాలు.

ఇవన్నీ సరిచేశాక కూడా అక్కడక్కడా జీర మిగిలితే ఫ్రెట్ల మట్టం చూడాలి. ‘ఫ్రెట్ రాకర్’ అనే చిన్న ఉక్కు పలక ఉంటుంది. దాని తిన్నని అంచును మూడు ఫ్రెట్ల మీద ఆనించి ఆడించాలి. కదలకపోతే మూడూ సమం. టకటకమని ఊగితే నడిమిది మెరక. అది కనపడగానే ఆకురాయి అందుకోవడం తొందరపాటు. ముందు ఆ ఫ్రెట్‌ను వేలితో గట్టిగా నొక్కి చూడాలి. కిందికి దిగితే అది మెరక కాదు, గాడిలోంచి లేచింది. దాన్ని సుత్తితో తట్టి, జిగురు పెట్టి కూర్చోబెట్టాలి. లేచినదాన్ని లేచినట్టే అరగదీస్తే, రేపు తేమ మారి అది తన చోటికి దిగినప్పుడు పల్లమవుతుంది, తప్పు రెట్టింపవుతుంది.

అసలు సమం చేసే పని ఓపిక ఉన్నవారిది. తీగలన్నీ తీసి, ట్రస్ రాడ్ సర్ది మెడను తిన్నగా చేస్తారు. ఫ్రెట్ల మధ్య కర్రకు టేపు అంటిస్తారు. ప్రతి ఫ్రెట్ తల మీదా మార్కర్ పెన్నుతో రంగు పూస్తారు. పొడవాటి, బాగా తిన్ననైన అల్యూమినియం కడ్డీకి 320 లేదా 400 నంబరు గరుకుకాగితం అంటించి, బరువు వెయ్యకుండా మెడ పొడవునా తీగలు వెళ్ళే దారిలో తోస్తారు. ఫింగర్‌బోర్డ్ అడ్డంగా వంపు తిరిగి ఉంటుంది కాబట్టి కడ్డీని ఒకే చోట ఆడించకుండా అంచు నుంచి అంచుకి జరుపుతూ పోవాలి. నాలుగు తోపులకే మెరక ఫ్రెట్ల మీద రంగు పోయి లోహం మెరుస్తుంది, పల్లంలో ఉన్నవాటి మీద రంగు అలాగే ఉంటుంది. అప్పటిదాకా కంటికి దొరకని వందోవంతు మిల్లీమీటర్ల తేడాలు నల్లగా తెల్లగా ఎదురుగా నిలబడతాయి. ప్రతి ఫ్రెట్ మీదా రంగు కాస్తయినా చెదిరిన క్షణంలో ఆగిపోవాలి. ఇంకో రెండు తోపులు తోద్దామన్న కోరికే ఫ్రెట్ల ఆయుష్షు తింటుంది. చివరి నాలుగైదు ఫ్రెట్లను మాత్రం కావాలని తక్కినవాటికన్నా ఇసుమంత తగ్గిస్తారు, అక్కడ మెడ పైకి లేచే గుణం ఉంది కాబట్టి.

ఒక చిక్కు ఉంది. తీగలు తీసిన మెడ, 45 కిలోల లాగుడు కింద ఉన్న మెడ ఒకేలా ఉండవు. కొన్ని మెడలు బిగువు పడగానే మెలితిరుగుతాయి. అమెరికాలో పేరున్న గిటార్ మరమ్మతుదారు డాన్ ఎర్లవైన్ ఇందుకోసం ఒక చట్రం రూపొందించాడు. తీగలు ఉండగా మెడ ఏ ఆకారంలో ఉందో గుర్తు పెట్టుకుని, తీసేశాక మెడను అదే ఆకారంలోకి నెట్టి పట్టుకుంటుంది. జర్మనీలో పుట్టిన ప్లెక్ యంత్రం తీగల బిగువు కింద ఉన్న ఫ్రెట్లను ఒక్కొక్కటే కొలిచి, కంప్యూటర్ లెక్క ప్రకారం చెక్కుతుంది. యంత్రం గొప్పదే. అయినా లేచిన ఫ్రెట్‌ను కూర్చోబెట్టాలో చెక్కాలో నిర్ణయించేది మనిషే.

సమం చేశాక ఫ్రెట్ తల బల్లపరుపుగా మిగిలిపోతుంది. అలా వదిలేస్తే తీగ ఫ్రెట్ నడిమిన కాకుండా ముందంచున ఆగుతుంది. 648 మిల్లీమీటర్ల గిటార్‌లో పన్నెండో ఫ్రెట్ దగ్గర ఒక మిల్లీమీటరు జరిగితే స్వరం అర్ధస్వరంలో నూరింట ఐదు వంతులు మారుతుంది, ఇరవయ్యో ఫ్రెట్ దగ్గర ఎనిమిది వంతులకు పైగా. అందుకని తలలకు మళ్ళీ గుండ్రటి రూపం ఇవ్వాలి. మళ్ళీ రంగు పూసి, అంచులు మొద్దు చేసిన ముక్కోణపు ఆకురాయితో రెండు వైపుల నుంచీ చెక్కుకుంటూ, శిఖరం మీద సన్నని రంగు గీత ఒక్కటే మిగిలేదాకా వస్తారు. ఆ గీతను తాకకూడదు. మట్టం ఉన్నది అక్కడే. ఆ తర్వాత 600 నుంచి 2000 దాకా నునుపు కాగితాలతో మెరుగుపెడతారు. ఈ దశలో ఉక్కు పీచు వాడేవారు పికప్‌లకు టేపు వేసుకోవాలి, వాటిలో అయస్కాంతాలు ఉంటాయి కాబట్టి.

మన వీణ దగ్గర ఇదే సమస్యను వేరే దారిలో పరిష్కరించారు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో సర్వసిద్ధి వంశీకులు ఒకే పనస దుంగను తొలిచి చేసే వీణకు 24 మెట్లుంటాయి. వీణకు ఈ 24 మెట్ల రూపం పదిహేడో శతాబ్దంలో తంజావూరును ఏలిన రఘునాథ నాయకుడి కాలంలో స్థిరపడిందని సంప్రదాయం చెబుతుంది. గిటార్ ఫ్రెట్లలా వీణ మెట్లు కర్రలో దిగగొట్టినవి కావు. బొగ్గుపొడి కలిపిన తేనెమైనం గట్టు మీద కూర్చుంటాయి. మైనాన్ని వేడి చేసి మెత్తబరిచి, మెట్టును నొక్కి, జరిపి, చెవితో స్వరం సరిచూసుకుంటూ ఎత్తునూ స్థానాన్నీ ఒకేసారి కుదురుస్తారు. గిటార్‌లో మట్టం పైనుంచి లోహాన్ని తీసి సాధించేది. వీణలో అడుగున మైనాన్ని సర్ది సాధించేది. మైనం పాతబడితే మేళం, అంటే మెట్ల అమరిక, మళ్ళీ కట్టించాలి. కానీ ఒక్కో మెట్టునూ దాని స్వరానికి తగ్గట్టు జరుపుకునే స్వేచ్ఛ గిటార్‌కు లేదు. గమకం కోసం తీగను మెట్టు వెంట పక్కకు లాగుతారు కాబట్టి వీణ మెట్లు కూడా అరుగుతాయి, వాటికీ సానపట్టక తప్పదు.

జీర ఎప్పుడూ దోషమే అని కూడా అనలేం. తంబురా, వీణల బ్రిడ్జ్‌లు వెడల్పుగా, సన్నని వంపుతో ఉంటాయి. కంపించే తీగ ఆ వంపును తాకుతూ లేస్తుంటుంది. సి.వి. రామన్ దీన్ని పరిశీలించి 1921లో వ్యాసం ప్రచురించారు. తీగను ఒక బిందువు దగ్గర మీటితే అక్కడ నిశ్చలంగా ఉండే అనుస్వరాలు పుట్టకూడదని పాత సూత్రం. మన బ్రిడ్జ్‌ల వల్ల అవి కూడా బలంగా వినిపిస్తున్నాయని ఆయన చూపించారు. తంబురా నాదంలోని నిండుదనం ఆ తాకిడి నుంచి వస్తుంది. అయితే అది కొలిచి పెట్టిన తాకిడి, ప్రతి స్వరానికీ ఒకేలా దక్కేది. ఫ్రెట్ మెరక వల్ల వచ్చేది ఒక్క స్వరాన్ని చంపేస్తుంది.

ఫ్రెట్లకు ఆయుష్షు లెక్క ఉంది. కొత్త ఫ్రెట్ ఎత్తు సాధారణంగా 1.1 నుంచి 1.4 మిల్లీమీటర్లు. సమం చేసిన ప్రతిసారీ అందులో కొంత పోతుంది. బాగా తగ్గిపోయాక వేళ్ళకు తీగ మీద పట్టు చిక్కదు, అప్పుడు పాతవి పీకి కొత్తవి వెయ్యాల్సిందే. అందుకే గిటార్ జీరపోతోందని ఎవరికైనా ఇచ్చేముందు కొత్త తీగలు వేసి చూడండి, రిలీఫ్ కొలిపించండి, నట్ చూపించండి. ఆకురాయిని చివరి మాటగా ఉంచమనండి. ఇచ్చేటప్పుడు మీరు వాడే మందం తీగలతోనే, మీరు వాయించే శ్రుతిలోనే ఇవ్వండి. ఒకటిన్నర కాగితం సందు ఆ బిగువు దగ్గర కుదిరితేనే మీ ఇంట్లోనూ కుదురుతుంది.